పెట్టెలు మార్చే ముందు: ఇంట్లో సౌండు బాగోలేకపోతే ఎక్కడ చూడాలి?

ఒంగోలైనా నెల్లూరైనా ఈ మధ్య కట్టిన ఇళ్లలో హాలు దాదాపు ఒకేలా ఉంటోంది. కింద గ్రానైటో, నిగనిగలాడే టైల్సో. గోడలకు పుట్టీ, పెయింటు. ఒకవైపు పెద్ద గాజు కిటికీ, టీవీ వెనక నున్నటి ప్యానెల్. అందులో కొత్త హోమ్ థియేటర్ తెచ్చి పెడతారు. షాపులో అదరగొట్టిన పెట్టె ఇంటికొచ్చాక డబ్బాలో మోగినట్టు మోగుతుంది. ఇంకా పెద్దది కొనాల్సిందేమో అని టెన్షన్ మొదలవుతుంది.

తొందరపడొద్దు. చాలా ఇళ్లలో తప్పు పెట్టెలో ఉండదు. గదిలోనో, వైర్లలోనో, కరెంటులోనో ఉంటుంది. అవి సరిచేశాక కూడా వెలితి మిగిలితే అప్పుడు డబ్బు తియ్యాలి, అదీ ఏ వెలితికి ఏ వస్తువు కావాలో తెలుసుకుని. అందుకే మీ చెవికి ఏం వినిపిస్తోందో అక్కడి నుంచి మొదలుపెడదాం.

మాటలు వినపడుతున్నాయి, తేటగా లేవు

సినిమాలో ప్రతి మాటా పక్క మాటతో కలిసిపోతోంది. సౌండు పెంచేకొద్దీ ఇంకా గజిబిజి అవుతోంది. హాలు మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. చప్పుడు అక్కడికక్కడే ఆగాలి. అలా కాకుండా గోడల మధ్య వణుకుతూ కాసేపు సాగిందంటే తప్పు గదిది. చీమకుర్తి గెలాక్సీ రాయికి మెరుగు పెట్టాక వెలుగును ఎలా తిప్పికొడుతుందో శబ్దాన్నీ అలాగే తిప్పికొడుతుంది. స్పీకరు నుంచి నేరుగా వచ్చిన మాట ఒకటి, నేలకు తగిలి వచ్చింది ఇంకొకటి, గాజుకు తగిలి వచ్చింది మరొకటి. అన్నీ కొద్ది తేడాతో చెవిలో పడతాయి. ఇంకా ఖరీదైన స్పీకరు పెట్టినా ఆ గదిలో జరిగేది ఇదే.

ఏమీ కొనకముందే ఒక పరీక్ష చేసి చూడండి. ఇంట్లో ఉన్న దూది పరుపులు రెండు తెచ్చి, ఒకటి స్పీకర్లకూ సోఫాకూ మధ్య నేల మీద పరవండి. రెండోది పక్క గోడకు ఆనించండి. అదే సీను మళ్లీ పెట్టండి. మాట విడివిడిగా వినపడితే మీకు కావలసింది కొత్త ఆంప్లిఫయర్ కాదు. పరుపు పరిచిన చోట మందపాటి కార్పెట్, కిటికీకి మడతలు మడతలుగా పడే బరువైన తెర, సోఫా వెనక గోడకు పుస్తకాల అలమర. గోడలకు గుడ్ల ట్రేలు అంటించుకునేవాళ్లున్నారు. వాటివల్ల ఒరిగేదేమీ లేదు.

గది బాగానే ఉన్నా మాటలు తగ్గి, సంగీతం, ఫైట్లు మాత్రం మోతగా వస్తుంటే సెట్టింగు చూడాలి. 5.1 సినిమాలో, అంటే ఐదు స్పీకర్లు, ఒక సబ్ వూఫర్ కోసం చేసిన ఆడియోలో, మాటలు ఎక్కువగా మధ్య స్పీకరుకే వెళతాయి. మీకు ఆ స్పీకరు లేకపోతే టీవీలోనూ సెట్‌టాప్ బాక్సులోనూ ఆడియో అవుట్‌పుట్‌ను స్టీరియోకి (మెనూలో పీసీఎమ్ అని ఉండొచ్చు) మార్చండి. ఉంటే ఆంప్లిఫయర్ మెనూలో సెంటర్ లెవెల్ రెండు మూడు డెసిబెల్స్ పెంచండి. సౌండ్ బార్‌ను టీవీ యూనిట్ గూట్లో లోపలికి తోసి పెట్టి ఉంటే అంచు దాకా బయటికి లాగండి.

బేస్ ఒకచోట గుమ్మంటోంది, ఇంకోచోట అసలు లేదు

సోఫాలో ఈ చివర కూర్చుంటే గుండెల్లో మోగుతుంది, ఆ చివర కూర్చుంటే ఏమీ ఉండదు. ఇది గది కొలతల వల్ల వచ్చేదే. ఎదురెదురు గోడల మధ్య పన్నెండు అడుగులుంటే సుమారు 47 హెర్ట్జ్ (సెకనుకు 47 కంపనాలు) దగ్గర, పది అడుగులుంటే సుమారు 56 దగ్గర శబ్దం ఆ గోడల మధ్యే నిలబడిపోతుంది. ఆ స్వరం వచ్చినప్పుడల్లా గోడల దగ్గర ఉబ్బుతుంది, గది మధ్యలో సన్నబడుతుంది. మన ఇళ్లలో ఎక్కువ గదులు పది పన్నెండు కొలతే కాబట్టి ఈ గొడవ అందరికీ ఉంటుంది.

సబ్ వూఫర్‌ను (బేస్ కోసం ఉండే విడి పెట్టెను) మూలన పెట్టి ఉంటే అక్కడి నుంచి తియ్యండి. దాన్ని ఎత్తి మీరు కూర్చునే సోఫా సీటు మీద పెట్టి, బేస్ గిటార్ బాగా వినిపించే పాట ఒకటి మోగించండి. ఇప్పుడు మీరు మోకాళ్ల మీద గోడల వెంబడి నెమ్మదిగా పాకుతూ వినండి. బేస్ ఎక్కడ ఉబ్బకుండా, ప్రతి స్వరం సమానంగా వినిపిస్తుందో అక్కడ చాక్‌పీసుతో గీత గీసి, వూఫర్‌ను అక్కడికి మార్చండి. పిల్లలు నవ్వుతారు, నవ్వనివ్వండి. ఇంత లాభం ఇచ్చే పని ఇంకొకటి లేదు, పైగా పైసా ఖర్చు లేదు.

షోకేసులో గాజు తలుపులు, ఇత్తడి బొమ్మలు అదిరినా స్పీకరు చిరిగినట్టే వినపడుతుంది. చేత్తో ఒక్కొక్కటీ పట్టుకుని చూడండి, ఏది పట్టుకుంటే ఆగిందో దాని కింద ఫెల్టు ముక్క పెడితే సరి.

గొంతు మధ్యలో నిలబడటం లేదు

దీనికి ఘంటసాల గారి పాత పాట కంటే మంచి పరీక్ష లేదు. 1950లు, 60ల నాటి మన సినిమా పాటలు దాదాపు అన్నీ మోనోలో రికార్డయినవే. అంటే రెండు స్పీకర్లకూ వెళ్లేది ఒకే శబ్దం. సరిగ్గా మధ్యలో కూర్చుంటే గొంతు రెండు పెట్టెల నడుమ ఖాళీ జాగాలోంచి రావాలి. ఎక్కడి నుంచి వస్తుందో తెలియకుండా గదంతా పరుచుకుని, బేస్ పలచబడితే ఒక స్పీకరుకు ప్లస్సూ మైనస్సూ తారుమారయ్యాయి. ఒక స్పీకరులో కోన్ (కదిలే గుండ్రటి పొర) ముందుకు తోస్తుంటే రెండోదానిది వెనక్కి లాగుతోంది.

వైరు రంగులు నమ్మొద్దు. గోడలో పైపు వేసి లాగిన వైర్లలో మధ్యలో ఎక్కడో అతుకు ఉంటుంది, అక్కడ మారిపోయి ఉండొచ్చు. ఆంప్లిఫయర్ ఆపేసి, దాని వెనక నుంచి స్పీకరు వైరు పూర్తిగా ఊడదీయండి. మామూలు 1.5 వోల్టుల పెన్ను సెల్లు తీసుకుని, ప్లస్‌గా అనుకుంటున్న కొస సెల్లు బుడిపెకు, రెండోది అడుక్కి, ఇలా ఆనించి అలా తీసెయ్యండి. టక్కుమంటుంది. అదే క్షణంలో ఆ స్పీకరు పెట్టెలోని పెద్ద కోన్‌ను పక్క నుంచి చూడండి. బయటికి ఉబికితే సరిగా ఉన్నట్టు. లోపలికి పోతే తారుమారైనట్టు. ఆ స్పీకరుకు వైరు మార్చి బిగించండి.

అది సరిగ్గానే ఉండీ గొంతు పక్కకు లాగుతుంటే స్పీకర్లు పెట్టిన తీరు చూడాలి. రెండు స్పీకర్ల మధ్య ఎంత దూరమో, ఒక్కొక్క దాని నుంచి మీ దాకా కూడా ఇంచుమించు అంతే ఉండాలి. ట్వీటర్ (సన్నటి శబ్దాలు పలికే చిన్న స్పీకరు) మీ చెవి ఎత్తుకు రావాలి. స్పీకర్లు అలమర పైన, కప్పు దగ్గర పెట్టుకుని స్టీరియో రాలేదంటే అది వాటి తప్పు కాదు.

పాట లేకపోయినా గుయ్యిమని రొద

అన్నిటికంటే విసిగించేది ఇదే, కానీ పట్టుకోవడం సులభం. ఆంప్లిఫయర్‌కు ఉన్న ఇన్‌పుట్ వైర్లన్నీ తీసెయ్యండి, కరెంటూ స్పీకర్లూ మాత్రమే ఉంచండి. రొద ఇంకా ఉంటే ఆంప్లిఫయర్ లోపలే సమస్య. పాతదైతే ఫిల్టర్ కెపాసిటర్లు ఎండిపోయి ఉంటాయి, మెకానిక్‌కు ఇవ్వండి. మీరు మూత తియ్యొద్దు, ప్లగ్గు పీకాక కూడా ఆ కెపాసిటర్లలో కరెంటు మిగిలి ఉంటుంది.

రొద పోతే ఒక్కో వైరూ తిరిగి పెడుతూ రండి. కేబుల్ టీవీ వైరు పెట్టగానే మొదలవడం మామూలే. ఆ వైరు పైపొర వీధిలో ఎక్కడో భూమికి కలిసి ఉంటుంది, మీ ఆంప్లిఫయర్ మీ ఇంటి ఎర్తింగుకు కలిసి ఉంటుంది. ఆ రెండింటి మధ్య కొద్దిపాటి తేడా ఉన్నా అది 50 హెర్ట్జ్ రొదగా వినిపిస్తుంది. ముందు టీవీ, సెట్‌టాప్ బాక్సు, ఆంప్లిఫయర్ మూడింటినీ ఒకే స్విచ్ బోర్డు నుంచి నడపండి. తగ్గకపోతే ఆ వైరు మధ్యలో గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ (ఈ ఎర్త్ తేడా రొదను ఆపేది) పెట్టండి. చిన్న వస్తువే, పెద్ద ఖరీదు కాదు.

కొందరు దీనికి మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరగ్గొట్టమని చెబుతారు. రొద నిజంగానే పోతుంది. దాంతోపాటు షాక్ నుంచి మిమ్మల్ని కాపాడేదీ పోతుంది. దయచేసి ఆ పని చెయ్యొద్దు, ఎవర్నీ చెయ్యనివ్వొద్దు. దానికి బదులు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజీ చూడమనండి. రెండు మూడు వోల్టులకు మించితే ఎర్తింగులోనో న్యూట్రల్‌లోనో తేడా ఉండొచ్చు. బొగ్గూ ఉప్పూ పోసి పెట్టిన ఎర్త్ గుంత మన ఎండాకాలంలో ఎండిపోతుంది. నీళ్లు పోస్తూ ఉండాలి.

రొద లావుగా కాకుండా జుయ్యిమని సన్నగా ఉంటే ఫ్యాను ఆపి చూడండి. గుండ్రంగా తిప్పే పాతరకం ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ కరెంటును ముక్కలు చేసి పంపుతుంది, అది స్పీకర్లలో వినపడుతుంది. ఒకటి, రెండు, మూడు అని మెట్లుగా తిరిగే కెపాసిటర్ రెగ్యులేటర్ వేయించుకుంటే పోతుంది. కరెంటు పోయినప్పుడే రొద వస్తుంటే మీది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్. సైన్ వేవ్‌ది పెట్టుకోవడమే దారి. రొయ్యల చెరువుల మధ్య ఉన్న ఊళ్లలో ఏరేటర్లు ఒక్కసారి ఆన్ చేసినప్పుడు వోల్టేజీ పడిపోయి ఆంప్లిఫయర్ ఆగిపోతుంటే స్టెబిలైజర్ కావాలి.

కరకర, ఒక వైపు వచ్చి పోవడం

మైపాడు, కొత్తపట్నం లాంటి ఊళ్లలో సముద్రపు గాలికి రాగి తొందరగా నల్లబడి, ఆపై ఆకుపచ్చగా మారుతుంది. స్పీకరు వైరు కొస అరంగుళం కత్తిరించి, కొత్తగా ఒలిచి, పోగులు బాగా మెలిపెట్టి బిగించండి. ఒక్క పోగు కూడా పక్క టెర్మినల్‌ను తాకకూడదు. ఆర్‌సీఏ పిన్నులు (ఎర్ర, తెల్ల ఇన్‌పుట్ వైర్ల కొసలు) అప్పుడప్పుడు పీకి పెడుతూ ఉన్నా చాలు. నాబ్ తిప్పినప్పుడు మాత్రమే కరకరమంటే అందులో దుమ్ము చేరింది. ఎలక్ట్రానిక్ కాంటాక్ట్ క్లీనర్ కొట్టాలి. కుట్టుమిషను నూనె, కొబ్బరి నూనె వద్దు, అవి దుమ్మును ఇంకా పట్టుకుంటాయి.

పాత స్పీకరులో బేస్ వచ్చినప్పుడల్లా బరబరమంటే జాలీ తీసి కోన్ చుట్టూ ఉన్న ఫోమ్ రింగును వేలితో మెల్లగా తాకండి. నల్లటి పొడిలా, జిగటగా వేలికి అంటుకుంటే అది చివికిపోయింది. మన ఉక్కపోతలో ఫోమ్ ఎక్కువకాలం ఉండదు. ఆ స్పీకర్లను పాత సామానుకు వెయ్యొద్దు. రింగు మార్చేవాళ్లు ఉన్నారు. సైజు దొరికితే రబ్బరు రింగే వేయించండి. కోన్, కాయిల్ బాగుంటే ఆ పెట్టెలు మళ్లీ ఏళ్లతరబడి పాడతాయి.

గంట తర్వాత దానంతటదే ఆగిపోతోంది

వేడి. గాజు తలుపుల అలమరలో ఆంప్లిఫయర్, దాని నెత్తిన సెట్‌టాప్ బాక్సు ఉంటే మే నెలలో ఆగకపోతే ఆశ్చర్యం. పైన అరడుగైనా ఖాళీ ఉండాలి, దాని మీద ఏదీ పెట్టకూడదు. చల్లటి రోజుల్లోనూ ఆగితే వైరు పోగులు కలిశాయేమో చూడండి. ఆంప్లిఫయర్ వెనక 8 ఓమ్స్ అని రాసి ఉండగా 4 ఓమ్స్ స్పీకర్లు తగిలించారేమో కూడా చూడండి.

సౌండు పెంచితే చిరుగుతోంది

పెట్టె మీద వేల వాట్లు అని ఉన్నది పీఎంపీఓ (అమ్మకానికి రాసే క్షణకాలపు గరిష్ఠ శక్తి). దాన్ని కొలిచేందుకు ఒప్పుకున్న పద్ధతంటూ ఏదీ లేదు. చూడాల్సింది ఆర్‌ఎమ్‌ఎస్, అంటే ఎడతెగకుండా ఇవ్వగల శక్తి. అదీ రాయకపోతే వెనక లేబుల్ మీద ఎంత కరెంటు తీసుకుంటుందో చదవండి. 60 వాట్లు తీసుకునేది అంతకు మించి ఎడతెగకుండా ఇవ్వలేదు. ఆంప్లిఫయర్ తన శక్తికి మించి తోసినప్పుడు శబ్దపు అలల తలలు తెగిపోతాయి, ముందు కాలేది ట్వీటర్. చిరిగిన చప్పుడు మొదలవగానే తగ్గించండి.

అలాగని 50 వాట్లది తీసి 100 వాట్లది పెడితే రెట్టింపు మోగదు. పెరిగేది 3 డెసిబెల్స్, అంటే కాస్త తేడా తెలుస్తుంది, అంతే. స్పీకరు సెన్సిటివిటీ (ఒక వాటుకు ఎంత గట్టిగా మోగుతుందో చెప్పే అంకె) 86 ఉన్నది తీసి 89 ఉన్నది పెట్టినా అదే పెరుగుదల వస్తుంది.

పాట సన్నగా, ప్రాణం లేకుండా ఉంది

పాట ఎక్కడి నుంచి వస్తోందో చూడండి. ఎవరో ఎక్కడో రికార్డు చేసి యూట్యూబులో పెట్టింది, అక్కడి నుంచి ఇంకొకరు తీసి మళ్లీ పెట్టింది, అది బ్లూటూత్‌లో ఇంకోసారి కుదించుకుని మీ స్పీకరుకు వచ్చింది. సీడీలో సెకనుకు 1411 కిలోబిట్లు ఉంటాయి. ఫ్లాక్ ఫైల్ అందులో ఏదీ పోగొట్టకుండా దాస్తుంది. అదే పాట ఒకసారి సీడీ నుంచో, పెన్ డ్రైవ్‌లో ఫ్లాక్ నుంచో వైరు ద్వారా వినండి. తేడా అక్కడే తెలిస్తే డబ్బు పెట్టాల్సింది పాటల మీద. టీవీని సౌండ్ బార్‌కు బ్లూటూత్‌తో కలిపితే పెదాలకూ మాటకూ చాలాసార్లు పొంతన కుదరదు. హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీతో (టీవీ శబ్దాన్ని బయటికి పంపే సాకెట్‌తో) గానీ ఆప్టికల్ వైరుతో గానీ కలపండి.

తాతగారి నాటి రికార్డ్ ప్లేయర్ తీసి ఆక్స్‌లో (మామూలు ఇన్‌పుట్‌లో) గుచ్చితే గొంతు ఎక్కడో నూతిలోంచి వచ్చినట్టు, బేస్ లేకుండా రావచ్చు. అలాంటి సూది నుంచి వచ్చేది కొన్ని మిల్లీవోల్టులే. దానికి ఫోనో ఇన్‌పుట్ గానీ విడి ఫోనో ప్రీఆంప్ గానీ ఉండాలి.

ఇక కొనాల్సిందే అయితే

ముందు స్పీకర్లు, తర్వాతే ఆంప్లిఫయర్. వైర్లకు వేలు పొయ్యక్కర్లేదు. ఇంటి వైరింగుకు వాడే 2.5 చదరపు మిల్లీమీటర్ల మంచి రాగి వైరు పది మీటర్ల దూరానికి హాయిగా సరిపోతుంది. ట్రంకు రోడ్డులోనో మరెక్కడో షాపుకు వెళ్లేటప్పుడు మీకు కంఠతా వచ్చిన పాటలు పెన్ డ్రైవ్‌లో తీసుకెళ్లండి. మన నెల్లూరు బాలు గారి గొంతు ఎలా ఉంటుందో మీ చెవికి ఎవరూ చెప్పనక్కర్లేదు, అందులో ఊపిరి తీసుకునే చప్పుడు వినపడిందా, హమ్మింగులో మృదుత్వం ఉందా అన్నది చూడండి. రెండు జతలు పోల్చేటప్పుడు రెంటి సౌండూ ఒకే మట్టంలో పెట్టించండి. కాస్త గట్టిగా మోగేది ఎప్పుడూ మెరుగైనదిగానే అనిపిస్తుంది, షాపులో ఖరీదైన జతకే నాబ్ ఇంకొంచెం తిప్పి ఉండొచ్చు. ఇంటికి తెచ్చాక నచ్చకపోతే మార్చుకునే గడువు ఎన్ని రోజులో బిల్లు మీదే రాయించుకోండి.