దారులన్నీ మూసుకపోయినట్టు అనిపిస్తే దేవుని మీద ఎట్ల ఆనుకోవాలె

మా ఇంట్ల గోడకు చర్చి క్యాలెండర్ ఉంటది, దేవునికి అసాధ్యమైంది ఏదీ లేదని దాని మీద పెద్ద అక్షరాలతోటి ఉంటది. మూడేండ్ల కింద అదే గోడకు ఆనుకోని మా నాయిన తెల్లందాక కూసునేటోడు. మాది దేవరకొండ దిక్కు ఊరు, 3 ఎకరాల బత్తాయి తోట. బత్తాయి పెట్టినంక నాలుగైదేండ్లకు గని కాపు రాదు, అప్పటిదాక పసిపిల్లను సాదినట్టు సాదాలె, తీరా కాపుకొచ్చే టైముల బోరు ఎండిపోయింది. ఒకటి కొత్తది వేసినం, పడలే. అప్పు తెచ్చి ఇంకోటి వేసినం. ఆ రోజు ఇప్పటికీ నా కండ్ల ముందట్నే ఉంది, బోరు బండి కాడ తెల్లటి రాతి దుమ్ము లేస్తనే ఉంది, నాయిన మూతికి తువ్వాల కట్టుకోని ఆ దుమ్ము పిడికిట్ల పట్టి పిసికి తడి ఉందా అని చూస్తుండు, 500 అడుగులు దాటినంక గూడ పొడి దుమ్మే. ఇంకా దింపాల్నా అని బండాయన అడిగిండు. నాయిన ఏం మాట్లాడలే. చుట్టూ చెట్ల ఆకులన్నీ తెల్లగైనయి.

ఆ రోజులల్ల మేము ఏం చేసినమో చెప్తా, గసొంటి కష్టంలున్నోళ్ళకు ఎవలికన్న పనికొస్తది.

మొదలు తినుండ్రి, పండుకోండ్రి. ఇది చిన్న మాట అనుకోవద్దు. ఏలీయా అంతటి ప్రవక్త చెట్టు కింద కూలబడి నన్ను చంపెయ్ ప్రభువా అన్నడు, బైబిల్ల 1 రాజులు 19ల ఉంటది. దేవుడు ఆయన్ని తిట్టలే, వాక్యం చెప్పలే. దూతను పంపి రొట్టె, నీళ్ళు పెట్టించిండు, తిని మళ్ళ పండుకుంటే మళ్ళ లేపి ఇంకోసారి తినమన్నడు. మాట్లాడుడు తర్వాత సంగతి. మా అమ్మ గూడ నాయిన ముందట సంకటి పెట్టి, తినేదాక పక్కకు జరగకపోయేది.

తర్వాత ప్రార్థన. కష్టంల ఉన్నప్పుడు మంచి మంచి మాటలతోటి ప్రార్థన చెయ్యాలని మనమీద మనమే బరువు పెట్టుకుంటం, స్తోత్రం స్తోత్రం అని పైకి అంటం గని లోపల గుండె మండుతుంటది. కీర్తన 13 తియ్యుండ్రి, ఆరే వచనాలు. ఎన్నాళ్ళు నన్ను మర్చిపోతవు అని దావీదు నిలదీస్తడు. దేవుని ముందట గట్ల అడగొచ్చని తెలిసినంకనే నాకు నోరు పెగిలింది. ఏడుపొస్తే ఏడ్వుండ్రి, నమ్మకం సగమే ఉంటే సగమే ఉందని చెప్పుండ్రి. మార్కు 9ల మూర్ఛరోగం ఉన్న పిలగాని తండ్రి చెప్పింది గూడ అదే, నమ్ముతున్న గని నా అపనమ్మకం పోయేటట్టు సాయం చెయ్యి అన్నడు. యేసు ఆయన్ని వాపస్ పంపలే, కొడుకును బాగుచేసిండు.

ఇగ మనుషులు. ఒక్కలే మొయ్యొద్దు, కానీ అందరికీ చెప్పొద్దు. మా ఇంటికొచ్చినాయన ఒకాయన, మీల విశ్వాసం తక్కువుంది అందుకే బోరు పడలే అన్నడు, ఆ మాటతోటి నాయిన నెల రోజులు కూడికకు రాలే. అట్లనెటోళ్ళకు ఒకటే జవాబు, పౌలు తన ఒంట్ల ముల్లు లెక్క బాధపెట్టేదాన్ని తియ్యమని మూడుసార్లు అడిగిండు, దేవుడు తియ్యలే, నా కృప నీకు చాలన్నడు. పౌలుకు విశ్వాసం తక్కువనా? మనల్ని తీర్పు తీర్చకుండ పక్కన కూసునేటోళ్ళు ఇద్దరు ముగ్గురు చాలు. మాకు మా సంఘ పెద్ద ఒకాయన, శుక్రవారం ఉపవాస ప్రార్థనకొచ్చే అక్కలు ఇద్దరు దొరికిర్రు.

నేను అన్నిటికంటె గట్టిగ చెప్పాలనుకునేది 2 రాజులు 4ల విధవరాలి సంగతి. ఆమె భర్త దేవునికి భయపడినోడే, అయినా అప్పులు పెట్టి సచ్చిపోయిండు, అప్పులాయన ఇద్దరు కొడుకులను బానిసలుగ తీస్కపోనీకి వస్తడు. ఎలీషా ప్రవక్త ఆమెను అడిగిన మాట చూడుండ్రి, నీ ఇంట్ల ఏముంది అని. ఒక నూనె కుండ ఉందంటది. ఇరుగుపొరుగు కాడ వట్టి పాత్రలు అడిగి తెచ్చుకోమన్నడు, తలుపేసుకోని నూనె పొయ్యమన్నడు, నిండినంక అమ్మి అప్పు కట్టమన్నడు. అద్భుతం దేవుడు చేసిండు, పాత్రలు అడిగే పని ఆమె చేసింది. ఇంకోటి, ఎలీషా ఆమె కాడ కానుక అడగలే. అప్పు తెచ్చి కానుక వేస్తే అద్భుతం జరుగుతదని ఎవలన్న అంటే ఆ మాట వినొద్దు.

మేము గూడ ఆ సంఘ పెద్దాయన్ని కూసోపెట్టుకోని నోటుబుక్కుల రాసినం. ఒక దిక్కు అప్పులు, ఇంకో దిక్కు ఇంట్ల ఏముందో. రాస్తే గని తెలువలే, 4 లక్షలకు నూటికి మూడు రూపాల మిత్తి అంటే నెలకు 12,000, అసలు ఒక్క రూపాయి తగ్గకుండ. ఏడాదికి నూటికి 36 అన్నట్టు. అదే బ్యాంకుల పంట లోను టైముకు కడితే ఏడాదికి నూటికి 4 పడుతది, మేము రెన్యువలే చేసుకోలే. ఇంకో దిక్కు ఒక బర్రె, అమ్మ పొదుపు సంఘం, నాకు డ్రైవింగ్ లైసెన్స్. గంతే. పంట లోను రెన్యువల్ చేసినం, అమ్మ సంఘంల లోను తీసి ఎక్కువ మిత్తి కాడ కొంత కట్టింది, పెద్దాయన మాతోటి అప్పులాయన ఇంటికొచ్చి మాట్లాడితే నెలనెలా అసలు కొంత కట్టనీకి ఆయన ఒప్పుకున్నడు. నేను బండి నడపవట్టిన.

రాత్రిపూట సచ్చిపోవాలనే ఆలోచన వస్తే అది విశ్వాసం లేక అని సిగ్గుపడి దాచొద్దు. 14416కు ఫోన్ చెయ్యుండ్రి, టెలి మానస్ అంటరు, పైసలు పడవు, తెలుగుల మాట్లాడుతరు. డాక్టరు గోళీలు రాస్తే ప్రార్థన చేసుకుంటనే వాడుండ్రి. పురుగుమందు డబ్బా ఇంట్ల ఉంచొద్దు. మా అమ్మ ఎవలికీ చెప్పకుండ మా ఇంట్లదాన్ని పక్కింటోళ్ళ కొట్టంల పెట్టిచ్చింది, ఈ సంగతి నాకు రెండేండ్లకు తెలిసింది.

నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను అనేది బండ్ల మీద, గోడల మీద రాసుకుంటం. దాని పై వచనం గూడ చదవాలె. కడుపు నిండినప్పుడు ఎట్ల ఉండాల్నో, ఆకలైనప్పుడు ఎట్ల ఉండాల్నో నేర్చుకున్న అంటడు పౌలు, అదీ జైల్ల ఉండి. కింద వచనంల నా కష్టంల మీరు పాలుపంచుకున్నరు, మంచి పని చేసిండ్రు అని ఫిలిప్పీయోళ్ళను మెచ్చుకుంటడు.

మా తోటల సగం చెట్లు పీకేసినం, ఆడ వాన మీద పత్తి పెడుతున్నం. అప్పు ఇంకా ఉంది, లక్షన్నర దాక. శుక్రవారం ప్రార్థనల నాయిన హబక్కూకు మూడో అధ్యాయం చదువుతడు, అంజూరపు చెట్లు పూయకపోయినా, చేనుల పంట పండకపోయినా యెహోవాయందు ఆనందిస్త అని ఉంటది. అంజూరపు చెట్లు అనే కాడ నాయిన బత్తాయి చెట్లు అంటడు. అమ్మ ఒక్కసారి గూడ దిద్దలే.