సాహిత్య సమావేశంలో నత్సుమె సోసెకి జీవితాన్ని పరిచయం చేయడం ఎలా

హనుమకొండలోనో కరీంనగర్‌లోనో జరిగే సాహిత్య సమావేశంలో జపాన్ నవలాకారుడు నత్సుమె సోసెకిని గురించి గంటసేపు మాట్లాడే బాధ్యత మీకు అప్పగించారనుకుందాం. జనన తేదీతో ఆరంభించి, రచనల పట్టిక చదివి, మరణ తేదీతో ముగించే పద్ధతిని మొదటే పక్కన పెట్టండి. 1907లో ఆయన తీసుకున్న ఒక నిర్ణయంతో ప్రసంగం ప్రారంభించండి. టోక్యో ఇంపీరియల్ విశ్వవిద్యాలయంలో ఆంగ్ల సాహిత్యం బోధిస్తున్న నలభయ్యేళ్ల మనిషి ఆ ఉద్యోగాన్ని వదులుకుని, అసాహి దినపత్రికలో నవలలు రాసే ఉద్యోగానికి చేరాడు. ప్రభుత్వ కొలువు దొరికితే ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకునే మన ప్రాంతంలో ఈ మాట వినగానే ‘ఎందుకట్లా చేశాడు’ అన్న ప్రశ్న శ్రోతల్లో దానంతటదే పుడుతుంది. పత్రిక నడపడం వ్యాపారమే అయితే విశ్వవిద్యాలయం నడపడమూ వ్యాపారమే అన్న అర్థంలో ఆయన అప్పట్లో రాసుకున్నాడు. మిగిలిన ప్రసంగమంతా ఆ ప్రశ్నకు జవాబుగా నడవాలి.

పేరు విషయంలో జాగ్రత్త అవసరం. జపాన్‌లో కూడా మనలాగే ఇంటిపేరు ముందు వస్తుంది కనుక నత్సుమె ఇంటిపేరు. అసలు పేరు కిన్నొసుకె, సోసెకి కలం పేరు, జపాన్ పాఠకులు ఆయనను పిలిచేది ఆ కలం పేరుతోనే. తెలుగులో ఎ, ఏ లకూ ఒ, ఓ లకూ వేరువేరు అక్షరాలున్నందున ఈ పేర్లను రోమన్ లిపిలో కంటే మన లిపిలోనే ఎక్కువ నిక్కచ్చిగా రాయవచ్చు. రాయితో పుక్కిలించడం అని అర్థమొచ్చే ఆ కలం పేరు వెనక ఒక చైనా కథ ఉంది. రాయి తలగడగా పెట్టుకుని ఏటి నీటితో నోరు పుక్కిలిస్తానని చెప్పబోయి, రాయితో పుక్కిలించి ఏటిని తలగడ చేసుకుంటానని తడబడినవాడు, తప్పు ఒప్పుకోకుండా, పళ్లు పదునెక్కడానికి రాయి, చెవులు శుభ్రపడడానికి ఏరు అని వాదించాడట. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి అని చెబితే సభకు మరో వివరణ అక్కరలేదు.

తర్వాత బాల్యానికి వెళ్లండి. నా అభిప్రాయంలో ఎక్కువ సమయం ఇవ్వవలసింది దీనికే. నేను ఈ ప్రసంగం చేసినప్పుడు ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, దత్తత పోయిన పిల్లవాడికి చివరకు ఏ ఇంటిపేరు నిలిచిందని అడిగారు. అంతకంటే మంచి ప్రశ్న నాకు ఇంతవరకు ఎదురుకాలేదు. 1867 ఫిబ్రవరిలో, ఈనాటి టోక్యో అయిన ఎదోలో, వయసు మళ్లిన తల్లిదండ్రులకు ఆఖరి సంతానంగా పుట్టిన ఆయనను పసితనంలోనే పెంపకానికిచ్చి, ఆపైన షియోబరా అనే కుటుంబానికి దత్తత ఇచ్చారు. ఆ దంపతులు విడిపోగా సుమారు తొమ్మిదేళ్ల వయసులో సొంత ఇంటికి తిరిగి వచ్చాడు. అక్కడున్న వృద్ధులు తాతా నాయనమ్మలు కారని, కన్నవారేనని ఒక పనిమనిషి రాత్రిపూట చెవిలో చెప్పేదాకా తెలియదని ఆయనే తన జ్ఞాపకాల్లో రాశాడు. నత్సుమె ఇంటిపేరు చట్టప్రకారం తిరిగి దక్కింది 1888లో. సోసెకి పెద్దయ్యాక, ఏనాడో వదిలిపోయిన పెంపుడు తండ్రి డబ్బు కోసం మళ్లీ రావడం 1915 నాటి ‘మిచికుసా’ నవలకు ఆధారమైంది కనుక, ఆ నవలను చివరి సంవత్సరాల దగ్గర కాకుండా ఇక్కడే ప్రస్తావించండి.

వయసు లెక్కకు ఒక సులువుంది. పాత పహాణీల్లో ఫసలీ సంవత్సరాలు చూసినవారికి వేరొక సంవత్సరాల లెక్క కొత్త కాదు. జపాన్ చక్రవర్తి పాలనను బట్టి లెక్కించే మెయిజి శకం 1868లో మొదలైంది కాబట్టి, ఆ ఏటి పుట్టినరోజు దాటాక మెయిజి సంవత్సర సంఖ్యే సోసెకి వయసు. 1900లో, అంటే మెయిజి 33లో, ప్రభుత్వం ఖర్చుతో లండన్ వెళ్లాడు. అక్కడ రెండేళ్లకు పైగా అద్దె గదుల్లో ఒంటరిగా, అసలు సాహిత్యమంటే ఏమిటన్న ప్రశ్నతో పుస్తకాల్లో మునిగాడు. మతి చలించిందన్న పుకారు స్వదేశం దాకా పాకింది. ఆ పుకారునే కథగా సాగదీయకుండా, ఆ చదువు తర్వాత సాహిత్య సిద్ధాంత గ్రంథమైందని తప్పక చెప్పండి.

మొదటి నవల పిల్లి చెప్పే కథ. 1905 జనవరిలో ‘హొతొతొగిసు’ పత్రికలో ఒక్క భాగంగా వచ్చి, పాఠకుల ఆదరణతో కొనసాగింది. అందులో పేరైనా లేని పిల్లి, రాజులు తమను ‘మేము’ అని చెప్పుకున్నంత దర్జాగా మాట్లాడుతుంది. ‘బొచ్చన్’ (1906) పరిచయం చేసేటప్పుడు, టోక్యో నుంచి వెళ్లిన పంతులు తన యాసలోనూ, పల్లె విద్యార్థులు తమ యాసలోనూ మాట్లాడుకోవడాన్ని చూపించండి. కాళోజీ పుట్టినరోజును భాషా దినోత్సవంగా జరుపుకునే మన సభకు ఆ ఘర్షణ ఇట్టే అర్థమవుతుంది. సోసెకి 1895లో టోక్యోకు దూరంగా మత్సుయామా అనే ఊళ్లో పాఠాలు చెప్పిన మాట నిజమే, అయినా ఆ పంతులే సోసెకి అని మాత్రం చెప్పకండి.

పత్రికలో చేరాక నవలలన్నీ రోజువారీ సీరియళ్లే. వారపత్రిక కోసం ఎదురుచూసిన తరం మీ సభలో ఉంటుంది కనుక, 1914లో ‘కొకొరో’ 110 భాగాలుగా వచ్చిందని చెప్పి, అందులో ఒక భాగాన్ని బిగ్గరగా చదివి వినిపించండి. తెలుగులోకి మీరే చేసుకుంటే మరీ మేలు. సోసెకి మరణించి వందేళ్లు దాటినందున మూల రచనలపై హక్కుల సమస్య లేదు, జపాన్ వారి అఒజొరా బుంకో అంతర్జాల గ్రంథాలయంలో అవి ఉచితంగా దొరుకుతాయి. ఇంగ్లీషు అనువాదం చదివితే అనువాదకుల పేరు చెప్పడం మరువకండి.

1910లో షుజెన్‌జి అనే ఊళ్లో కడుపు పుండుతో రక్తం కక్కుకుని చావు అంచుదాకా వెళ్లి వచ్చిన సంగతీ, 1911లో ప్రభుత్వమిచ్చిన డాక్టరేటును నిరాకరించిన సంగతీ రెండు మాటల్లో ముగించండి. 1916 డిసెంబరు 9న ఆయన మరణించేనాటికి ‘మెయాన్’ నవల 188వ భాగం దగ్గర ఆగిపోయింది. మీరు కూడా అక్కడే ఆపి, శ్రోతల ప్రశ్నలకు కనీసం పదిహేను నిమిషాలు మిగల్చండి.