చదవనని మొరాయించిన డీవీడీ నుంచి వీడియో తీసిన పద్ధతి

పాత డీవీడీ-ఆర్ (మనమే డేటా రాసుకునే డీవీడీ) సగం కాపీ అయ్యాక రీడ్ ఎర్రర్ అని ఆగిపోతే పారేయకండి. ముందు మెరిసే వైపు శుభ్రం చేయాలి. గోరువెచ్చని నీళ్లలో చుక్క గిన్నెల లిక్విడ్, మెత్తటి నూలు గుడ్డ చాలు. మధ్య రంధ్రం నుంచి అంచు వైపు నేరుగా తుడవండి, గుండ్రంగా వద్దు. డేటా చుట్లు చుట్లుగా రాసి ఉండే ట్రాక్ వెంబడి గీత పడితే వరసగా చాలా డేటా పోతుంది, చదవలేకపోయిన డేటాను లెక్కగట్టి నింపే ఎర్రర్ కరెక్షన్ దాన్ని పూడ్చలేదు. అడ్డంగా పడిన గీతను చాలావరకు సర్దుకుంటుంది.

తర్వాత ఫైళ్ల జోలికి పోకుండా, లినక్స్‌లో జీఎన్‌యూ డీడీరెస్క్యూతో (పాడైన డిస్క్‌ల నుంచి డేటా రాబట్టే ప్రోగ్రామ్) డిస్క్ మొత్తానికి ఇమేజ్, అంటే ఒకే ఫైల్‌గా ఉన్నదున్నట్టు నకలు, తీశాను. సెక్టార్ (డిస్క్‌పై డేటా ముక్క) సైజు 2048 బైట్లు. ఏ సెక్టార్లు చదివిందో, ఏవి మిగిలాయో రాసుకునే మ్యాప్ ఫైల్ పేరు ఇవ్వడం మాత్రం మరవద్దు. అది ఉంటే మిగిలిపోయిన సెక్టార్లను మాత్రమే ఇంకో డ్రైవ్‌లో చదివించవచ్చు. ఒక డ్రైవ్‌కు అందనిది మరోదానికి అందడం మామూలే.

సీడీ-ఆర్ సంగతి వేరు. దాని డేటా పొర లేబుల్ వైపే, పలచటి పూత కింద ఉంటుంది. బాల్ పెన్నుతో రాసినా, స్టిక్కర్ పీకినా దెబ్బతింటుంది. డీవీడీలో ఆ పొర 0.6 మి.మీ. పలకలు రెండింటి మధ్య భద్రంగా ఉంటుంది. అయినా కిటికీ పక్కన పెట్టొద్దు, ఎండకు డేటా ఉండే రంగు పొర చెడుతుంది.