అగ్గువ జూమ్ లెన్సు కొనేముందు
సాగర్ గట్టు మీద కొంగను దగ్గరగా పట్టాలంటే కానన్ బిగినర్ డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరాకు 55-250 ఎస్‌టీఎం లెన్సు చాలు (ఈ అంకెలు జూమ్ ఎంతో మిల్లీమీటర్లలో చెప్పేవి; పెద్దదైతే అంత దగ్గరగా కనిపిస్తుంది). ఇంకా అగ్గువకొస్తుందని 75-300 తీసుకోకండి. దాంట్లో ఐఎస్, అంటే చెయ్యి వణుకును సర్దే ఏర్పాటు, ఉండదు; 300 దగ్గర బొమ్మ మెత్తబడుతుంది కూడా. నికాన్ కెమెరాకు ఏఎఫ్-పీ రకం 70-300 లెన్సు అయితే పేరులో వీఆర్ (ఐఎస్‌కు నికాన్ పెట్టిన పేరు) ఉందో లేదో చూడండి, లేని రకం కూడా ఉంది. డీ3100, డీ5100 లాంటి పాత నికాన్ కెమెరాల మీద ఏఎఫ్-పీ ఫోకసే కాదు.

సెకండ్ హ్యాండ్ అయితే రెండు మూతలూ తీసి, ఒక పక్క ఫోన్ టార్చి వేసి రెండో పక్క నుంచి చూడండి. సాలెగూడు పోగుల్లా కనిపిస్తే ఫంగస్, వదిలేయండి. నాలుగైదు దుమ్ము రవ్వలుంటే ఫర్వాలేదు. ఎగిరే కొంగకు ఐఎస్ అక్కరకు రాదు, షటర్ వేగం సెకనులో 1/1000 వంతు పెట్టాల్సిందే. 250 దగ్గర లెన్సు ఎఫ్ 5.6 కంటే ఎక్కువ తెరుచుకోదు, వెలుతురు తక్కువే లోపలికొస్తుంది కాబట్టి పొద్దుగూకితే ఐఎస్‌ఓ, అంటే వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి, పెంచక తప్పదు.