కీళ్ల మాత్ర సంగతి కంటి డాక్టరుకు చెప్పడం ఎలా

కంటి పరీక్షకు వెళ్లినప్పుడు ‘మందులేమైనా వాడుతున్నారా?’ అని అడిగితే ‘బీపీకి ఒకటి’ అన్నాను. కీళ్లవాతానికి పదకొండేళ్లుగా వేసుకుంటున్న హైడ్రాక్సీక్లోరోక్విన్ నోటికే రాలేదు. మోకాలి మందుకీ కంటికీ ఏం సంబంధం అనుకున్నాను మరి. వయసు వల్ల మాక్యులా (కంటి వెనక తెర అయిన రెటీనాలో నడిమి భాగం) దెబ్బతింటోందని రాసిచ్చారు. ఏడాది తర్వాత కీళ్ల డాక్టరు ఆ కాగితం చూసి, ‘ఈ మాత్ర సంగతి వాళ్లకు చెప్పారా?’ అన్నారు. ఏళ్ల తరబడి వాడితే ఈ మాత్ర కూడా రెటీనాను దెబ్బతీయగలదట. అప్పుడు పట్టుకుంది టెన్షన్.

అందుకే ముందు ఒక కాగితం రాసుకోండి. మందు పేరు (బ్రాండు పేరు కాదు, అట్ట మీద చిన్న అక్షరాల్లో ఉండేది), రోజుకు ఎన్ని మిల్లీగ్రాములు, ఎప్పుడు మొదలుపెట్టారు, మీ బరువు. కిడ్నీ రిపోర్టు దానికి జతచేయండి, కిడ్నీ సరిగా లేకపోతే మందు ఒంట్లో పేరుకుంటుంది. మానేసిన మందులూ రాయండి. రొమ్ము క్యాన్సర్‌కి వాడే టామాక్సిఫెన్, మూత్రాశయం నొప్పికి ఇచ్చే పెంటోసాన్ కూడా రెటీనాను దెబ్బతీయగలవు. పెంటోసాన్ సంగతి 2018లోగానీ బయటపడలేదు. అది రెటీనాలో తెచ్చే మచ్చలు వయసుతో వచ్చే జబ్బులాగే ఉండటంతో అంతకుముందు దాన్ని ఎవరూ అనుమానించలేదు.

తర్వాత మోతాదు లెక్క. హైడ్రాక్సీక్లోరోక్విన్ అయితే కిలో బరువుకు రోజుకు 5 మిల్లీగ్రాములు దాటకూడదు. నా బరువు 52 కిలోలు, అంటే 260. నేను మింగింది 400! అంత వేసుకోవాలంటే 80 కిలోలు ఉండాలి.

మాత్ర మొదలుపెట్టిన ఏడాదిలోపు ఒకసారి కళ్లు చూపించుకోవాలి. ఐదేళ్లు దాటాక ఏటా. మోతాదు ఎక్కువైనా, కిడ్నీ జబ్బున్నా, టామాక్సిఫెన్ కూడా వాడుతున్నా ఐదేళ్లు ఆగకూడదు. చుక్కలు వేసి లైటుతో చూసి ‘బాగుంది’ అంటే సరిపోదు, అలా కనిపించేసరికే ఆలస్యమైపోతుంది. ఓసీటీ స్కాన్ (రెటీనా పొరలను బొమ్మ తీసేది), ఫీల్డ్ టెస్ట్ (చూపు ఎక్కడెక్కడ తగ్గిందో చూసేది) రెండూ అడగండి. ఫీల్డ్ టెస్టులో 10-2 అనేది చూపు నడిమి భాగాన్నే చూస్తుంది. ఆసియా వాళ్లలో దెబ్బ చాలాసార్లు ఇంకాస్త బయట మొదలవుతుంది కాబట్టి ఇంకా వెడల్పుగా చూసే 24-2 కూడా చేయమనండి. ఈ టెస్టులో వెలుగు చుక్క కనపడ్డప్పుడల్లా బటన్ నొక్కుతూ కూర్చోవాలి. నాకైతే మధ్యలో కునుకు పట్టింది, మళ్లీ చేయించారు. నిద్ర చాలని రోజు వెళ్లకండి.

రిపోర్టు వచ్చాక, ‘ఇది మందు వల్లా, వేరే జబ్బా?’ అని సూటిగా అడగండి. వయసు జబ్బులో సాధారణంగా డ్రూసెన్ అనే పసుపు చుక్కలుంటాయి. ఈ మందు దెబ్బలో అవి ఉండవు. రెండు కళ్లలోనూ దాదాపు ఒకేలా, మధ్య బిందువును వదిలి చుట్టూ ఉంగరంలా రెటీనా అరుగుతుంది. అయితే వంశపారంపర్యంగా వచ్చే స్టార్‌గార్ట్ జబ్బులోనూ అలాంటి ఉంగరం రావచ్చు. ఇక్కడే మీ కాగితం పనికొస్తుంది.

భయపడి మాత్ర మీరే ఆపేయకండి, కీళ్ల జబ్బు తిరగబెడుతుంది. కంటి డాక్టరు, కీళ్ల డాక్టరు మాట్లాడుకుని నాకు మందు మార్చారు. పోయిన చూపు తిరిగి రాదు, మానేశాక కూడా కొంతకాలం అరుగుదల సాగవచ్చు. అందుకని ఏటా స్కాన్ బొమ్మలు పెన్‌డ్రైవ్‌లో అడిగి తెచ్చుకుంటాను. నిరుటి దాని పక్కన పెట్టి చూస్తేనే తేడా తెలిసేది.