బ్లీడింగ్ హార్ట్ తీగ: ఆకు నిండుగా ఉన్నా పూత ఎందుకు రాదు, మొగ్గ ఎందుకు రాలుతుంది

వరంగల్, హన్మకొండ, కరీంనగర్ నర్సరీల్లో బ్లీడింగ్ హార్ట్ పేరుతో దొరికేది పశ్చిమ ఆఫ్రికా నుంచి వచ్చిన తీగ. తులసి కుటుంబం, శాస్త్రీయ నామం క్లెరోడెండ్రం థామ్సోనియే. తెల్లటి సంచిలాంటి రక్షకపత్రాల్లోంచి ఎర్రటి పువ్వు తొంగిచూస్తుంది. మన దగ్గర ఈ తీగకు వచ్చే ఇబ్బందుల్లో ఎక్కువ భాగం రెండింటి దగ్గరే మొదలవుతాయి: ఏ రకం నీడ, వేరు దగ్గర ఎంత తడి. ఎరువు సంగతి ఆ తర్వాతే.

ఆన్‌లైన్‌లో తెప్పించిన దుంప మొలవలేదు, విత్తనం కుళ్లిపోయింది

అది వేరే మొక్క. ఫొటోల్లో వంగిన కొమ్మకు గులాబీ రంగు గుండెలు వరుసగా వేలాడేది లాంప్రోకాప్నోస్ స్పెక్టాబిలిస్. సైబీరియా, ఉత్తర చైనా, కొరియా, జపాన్ వైపు చలి నేలలది, గసగసాల కుటుంబం. శీతాకాలంలో వేరు వారాల తరబడి గట్టి చలిలో నిద్రపోతేనే వసంతంలో పూస్తుంది. హన్మకొండలో జనవరి పగలు కూడా 30 డిగ్రీల దగ్గర ఉంటుంది. విత్తనాన్ని ఫ్రిజ్‌లో పెట్టి మొలిపించినా మార్చి ఎండకు నారు వాడిపోతుంది. దానిమీద డబ్బులు పెట్టకండి. తీగనే తెచ్చుకోండి, పెరట్లో వేప కిందో మామిడి కిందో చక్కగా బతుకుతుంది.

తీగ ఏపుగా ఉంది, ఆకు నల్లగా నిగనిగలాడుతోంది, ఒక్క గుత్తి లేదు

ఎక్కువ మంది అడిగేది ఇదే. కారణాలు మూడు, ఈ వరుసలోనే చూడండి.

మొదటిది చీకటి నీడ. నీడ మొక్క అన్నారని రెండు గోడల మధ్య సందులోనో, మెట్ల కిందో పెడతారు. అక్కడ తీగ బతుకుతుంది కానీ పూయదు. పగలు 12 గంటలకు మొక్క పక్కన తెల్ల కాగితం పెట్టి, దానికి జానెడు ఎత్తున చెయ్యి చాపండి. నీడ అంచులు మసకగా, చెయ్యి ఆకారం తెలిసేట్టు పడితే సరైన వెలుతురు. అసలు నీడే పడకపోతే చీకటి ఎక్కువ. అంచులు కత్తిరించినట్టు పడితే అది నేరుగా ఎండ, ఏప్రిల్ వస్తే ఆకు మాడుతుంది. ఉదయం 9 లోపు రెండు గంటల ఎండ తగిలే తూర్పు గోడ అన్నిటికన్నా మంచిది. వేప కింద అయితే కింది కొమ్మలు రెండు మూడు తీసేస్తే చాలు. పందిరి మీద అయితే 50 శాతం షేడ్ నెట్ వేయండి. 75 శాతంది వద్దు.

రెండోది కత్తెర. ఈ తీగ ఆ ఏడు వచ్చిన కొత్త చిగురు మీదే పూస్తుంది. నెలకోసారి అందంగా చదును చేస్తుంటే పూత రావాల్సిన కొసలన్నీ చెత్తలోకి పోతాయి. ఏడాదికి ఒక్కసారి, శివరాత్రి అటూఇటూగా, పక్క కొమ్మలను రెండు మూడు కణుపులు ఉంచి కోయండి. మొదటి కొత్త చిగుళ్లు జానెడు పెరిగాక కొస ఒక్కసారి గిల్లితే కొమ్మలు ఎక్కువొస్తాయి. ఆ తర్వాత ఎండు కొమ్మలు తప్ప ఇంకేమీ ముట్టుకోవద్దు.

మూడోది నత్రజని. యూరియా గానీ, పచ్చి పెంట గానీ వేస్తే ఆకే వస్తుంది. చిగురు దశలో 19-19-19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే, నీటిలో కరిగే ఎరువు) లీటరుకు 2 గ్రాములు 15 రోజులకోసారి మట్టిలో పోయండి. మొగ్గ గుత్తులు కనిపించగానే అది ఆపి, 13-0-45 (పొటాషియం నైట్రేట్) లీటరుకు 2 గ్రాములు రెండుసార్లు చాలు.

ఆకులు పసుపుపచ్చగా మారుతున్నాయి

ఏ ఆకు ముందు పచ్చబడిందో చూడందే మందు కొనొద్దు.

కొత్త చిగుళ్లు పసుపై, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటే ఇనుము అందడం లేదు. బోరు నీళ్లలోని సున్నపు ఉప్పులు మట్టిని క్షారం చేస్తాయి, అందులో ఇనుమున్నా వేరు తీసుకోలేదు. ఆర్వో ఫిల్టర్ వదిలేసే నీళ్లు పోస్తుంటే పరిస్థితి ఇంకా చెడుతుంది, ఎందుకంటే బోరులోని ఉప్పులు ఆ నీళ్లలోనే పేరుకుంటాయి. కుండీ అంచున తెల్లటి పొర కడితే అదే గుర్తు. లీటరు నీటికి అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) 3 గ్రాములు, నిమ్మ ఉప్పు అర గ్రాము కలిపి సాయంత్రం ఆకుల మీద పిచికారీ చేయండి, వారం ఆగి ఇంకోసారి. వేరుశనగకు రైతులు 5 గ్రాములు వాడతారు, ఈ తీగ లేతాకుకు అది ఘాటు. నెలకోసారి కుండీకి మూడింతల మంచి నీళ్లు, దొరికితే వాన నీళ్లు, పోసి అడుగు నుంచి కారనివ్వండి.

కింది ముదురాకులు మాత్రమే నెమ్మదిగా పచ్చబడితే ఆకలి. రెండు పిడికిళ్ల వర్మీకంపోస్టు వేయండి.

మట్టి తడిగా ఉండగానే మొత్తం తీగ వడలి, పచ్చబడితే వేరుకుళ్లు. ఇక్కడ నేల గురించి కొంచెం వివరంగా చెప్పాలి. చల్క (ఎర్ర ఇసుక) నేలలో నీళ్లు దిగిపోతాయి, భయం లేదు. నల్ల రేగడిలో మాత్రం గుంత తవ్వి ఎర్రమట్టి నింపి నాటితే, చుట్టూ ఉన్న బంకమట్టి గిన్నెలా పనిచేసి వాన నీళ్లన్నీ ఆ గుంతలోకే దిగి నిలుస్తాయి. జూలై ముసురుకు వేరు ఊపిరాడక కుళ్లుతుంది. రేగడిలో గుంత వద్దు. నేలపైనే 25 సెంటీమీటర్ల ఎత్తు మడి కట్టి అందులో నాటండి. కుండీ అడుగున మొరం పరిస్తే నీళ్లు బాగా దిగుతాయన్నది తప్పు. పొర మారిన చోట నీళ్లు ఆగి, తడి వేరుకు ఇంకా దగ్గరవుతుంది. 12 అంగుళాల కుండీకి వేలు పట్టే రంధ్రాలు నాలుగు ఉంటే చాలు. మిశ్రమం: ఎర్రమట్టి రెండు పాళ్లు, ముతక ఇసుక, కోకోపీట్, మాగిన పెంట ఒక్కో పాలు, వేపపిండి 50 గ్రాములు.

కుళ్లు మొదలైన మొక్కను బయటికి తీసి, నల్లబడి వాసన వచ్చే వేర్లు కోసేయండి. పైన తీగను మూడో వంతు తగ్గించండి. కొత్త మిశ్రమంలో నాటి, కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాములు కలిపి ఒక్కసారి పోయండి. ఆ తర్వాత పై రెండు అంగుళాలు ఆరితేనే నీళ్లు.

మొగ్గలు విప్పుకోకుండానే రాలుతున్నాయి

ఏప్రిల్, మే నెలల్లో అయితే వడగాలి. ఉష్ణోగ్రత 42 దాటి గాలి పొడిబారితే తీగ ముందుగా వదిలేసేది మొగ్గల్నే. పడమటి వైపు తడక కట్టండి, మొదలు చుట్టూ మూడంగుళాల మందాన ఎండుటాకులు పరవండి, నీళ్లు ఉదయమే పోయండి. డాబా మీద కుండీకి తడి గోనెసంచి చుట్టండి, లేకపోతే కుండీ గోడకు ఆనుకున్న వేర్లు ఉడికిపోతాయి. రోహిణి కార్తె దాటే దాకా పూత ఆశించకపోవడమే మేలు. వానాకాలంలో వచ్చే గుత్తులే నిండుగా ఉంటాయి. మిగతా కాలంలో మొగ్గ రాలితే ఒకరోజు ఎండగట్టి మరుసటి రోజు ముంచెత్తడం వల్లే.

తెల్ల సంచులు ఊదారంగుకు తిరిగాయి

రోగం కాదు. ఎర్ర పువ్వు కొద్దిరోజుల్లోనే రాలుతుంది, రక్షకపత్రాలు వారాల పాటు నిలిచి రంగు మారతాయి. మొదటి రోజు నుంచే గులాబీగా ఉంటే మీది సంకర రకం.

ఆకు కింద సన్నటి చుక్కలు, బూజులాంటి దారాలు. కణుపుల్లో దూదిలాంటి పొట్టు

చుక్కలు, దారాలు ఎర్రనల్లివి, వేసవిలో వస్తాయి. మూడు రోజులకోసారి ఆకు అడుగుకు పైపుతో గట్టిగా నీళ్లు కొడితే సగం పని అయిపోతుంది. తగ్గకపోతే నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు, అదీ ఎండ తీవ్రత తగ్గాకే. 35 డిగ్రీలు దాటిన రోజుల్లో కొడితే ఆకు కాలుతుంది. గంధకానికి, వేపనూనెకు మధ్య రెండు వారాల ఎడం ఉండాలి.

దూది పిండినల్లిది, చాలాసార్లు పక్కనున్న మందారం నుంచే వస్తుంది. కాబట్టి మందారాన్నీ చూడండి. స్పిరిట్‌లో ముంచిన దూదిపుల్లతో తుడిచి, వేపనూనె 5 మిల్లీలీటర్లు, సబ్బు ద్రావణం 1 మిల్లీలీటరు లీటరు నీటిలో కలిపి వారానికోసారి మూడుసార్లు కొట్టండి. చీమల బారు కనిపిస్తే ముందు దాన్ని ఆపాలి. పిండినల్లిని కొమ్మ నుంచి కొమ్మకు మోసేవి అవే.

డిసెంబర్‌లో ఆకు మొత్తం రాలింది

ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు రాత్రి 10 డిగ్రీల కిందికి పోయినప్పుడు ఇది మామూలే. కొమ్మ మీద గోటితో గీకండి, లోపల ఆకుపచ్చగా ఉంటే తీగ బతికే ఉంది. ఎరువు పూర్తిగా ఆపి, నీళ్లు వారానికి ఒకసారికి తగ్గించి, ఫిబ్రవరి చివర్లో కణుపులు ఉబ్బే దాకా అలాగే వదిలేయండి.