కాలిఫోర్నియాలో పెరటి ఇంటికి అనుమతి: ముందే చూసుకోవలసిన నియమాలు

కాలిఫోర్నియాలో సొంత ఇంటి ఆవరణలోనే మరో చిన్న ఇల్లు, అంటే అక్కడ ఏడీయూ అని పిలిచే అనుబంధ నివాసం, కట్టదలచినవారు ప్లాను గీయించడానికి ముందే నగర లేదా కౌంటీ ప్రణాళికా విభాగం నుంచి స్థానిక నిబంధనలను తెచ్చుకుని చదవాలి. అవి ఎంత కఠినంగా ఉన్నా, 800 చదరపు అడుగులకు, 16 అడుగుల ఎత్తుకు మించని ఇంటిని, పక్కన, వెనుక సరిహద్దుల నుంచి 4 అడుగులు వదిలి కడుతున్నప్పుడు, స్థలం విస్తీర్ణం చాలదన్న కారణంతో తిరస్కరించడానికి రాష్ట్ర చట్టం ఒప్పుకోదు.

పరిమాణాన్ని నిర్ణయించేటప్పుడు ఖర్చును కూడా లెక్క వేయాలి. 750 చదరపు అడుగుల కన్నా చిన్న ఇంటిపై మౌలిక వసతుల కోసం వసూలు చేసే ఇంపాక్ట్ ఫీజు ఉండదు కనుక, మరొక అలమర కోసం ఆ గీత దాటడం నా దృష్టిలో తెలివైన పని కాదు. అయితే పర్మిట్ రుసుములు మాత్రం ఎలాగూ చెల్లించాలి.

ప్రజా రవాణాకు అర మైలు నడక దూరంలో ఉన్న ఇంటికి అదనపు పార్కింగ్ చూపనక్కరలేదు. గ్యారేజీని నివాసంగా మార్చినా, పోయిన పార్కింగ్‌కు బదులు చూపమని అడగరాదు.

దరఖాస్తు సంపూర్ణంగా అందిన నాటి నుంచి 60 రోజుల్లో అధికారులు నిర్ణయం చెప్పాలి. ఇక్కడ ‘సంపూర్ణంగా’ అన్న మాటే కీలకం: స్థల పటం, నిర్మాణ చిత్రాలు, విద్యుత్, మురుగునీటి వివరాలలో ఏది లోపించినా గడువు మొదలే కాదు. అద్దెకు ఇవ్వదలిస్తే, 30 రోజుల లోపు బసలను స్థానిక ప్రభుత్వం నిషేధించిందేమో ముందుగా విచారించాలి.